మూడో గదిలో నలభై రెండు నిమిషాలు

నిన్న మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉన్నది అయిదుగురు.

ఇల్లంటే నిజంగా ఇల్లే. ఒకప్పుడు ఎవరో కాపురమున్నది. పరిశోధన సంస్థ దాన్ని కొని, పడకగదుల కిటికీలకు నల్లరంగు పూయించి, గదికొక మైక్రోస్కోపు పెట్టింది. ఏ విభాగం వాళ్లయినా ముందుగా గంటలు రాయించుకుని వస్తారు, తమ స్లైడు చూసుకుంటారు, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. బోర్డు మీద పొడుగాటి పేరొకటి ఉంది. నోటితో మాత్రం అందరూ "ఇల్లు" అనే అంటారు.

ఆ అయిదుగురిలో మొదటిమనిషి ఇంటి బాధ్యత చూసే పెద్దాయన. రెండో మనిషి పరిశోధక విద్యార్థిని. చిన్న గొంతు, చిన్న మనిషి కనక అందరికీ పిచ్చుక. మూడో మనిషి, తీసిన ఫొటోల్లోంచి కొలతలు లాగే నడివయసు ఉద్యోగి. మూడు తెరల మధ్య కూర్చుని కదలడు కాబట్టి సాలీడు. నాలుగోవాడు రెండో గదిలో మిషను బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్. అయిదో మనిషి, వెనకటి వంటగదిలో గాజుసామాను కడిగే పిన్ని.

డిటెక్టివ్ ఈ అయిదుగురినీ తన పుస్తకంలో ఒకరి కింద ఒకరిని రాసుకుంది. ఎవరు ఏ టైముకి ఎక్కడున్నారో రాయడానికి ఎదురుగా ఖాళీ వదిలింది. గోడ గడియారంలో ఒంటిగంటా నలభై. నాలుగింటికి విచారణ కమిటీ కూర్చుంటుంది. ఈలోగా ఆ ఖాళీలు నిండకపోతే పిచ్చుక నాలుగేళ్ల చదువు గంగపాలే.

"మొదట్నించీ చెప్పమ్మా. తొందరేం లేదు," అంది డిటెక్టివ్. తొందర చాలానే ఉంది.

హాల్లో కుర్చీ అంచున కూర్చున్న పిచ్చుక తన చేతులకేసి చూసుకుంటూ మొదలుపెట్టింది. "నాది చర్మం జబ్బు మీద పరిశోధన మేడం. జబ్బు చర్మం పక్కన మంచి చర్మం పెట్టి పోల్చి చూపించాలి. ఆ మంచి చర్మం మా ల్యాబులో ఒక అక్క ఇచ్చింది. డాక్టరుగారి చేత తన చేతి మీంచి కందిగింజంత ముక్క తీయించుకుంది. మంచులో గడ్డకట్టించి దాచాం. కావలసినప్పుడల్లా ఒక్కో పొర కోసుకుని, రంగెక్కించి వాడుకుంటున్నాం."

"ఆ అక్క ఇప్పుడెక్కడ?"

"లేదు మేడం. రెండేళ్ల కింద బస్సు ప్రమాదంలో పోయింది. ఆ ముక్కలో మిగిలిన ఆఖరి పొరే ఈ స్లైడు."

"ఇంకెవరిదైనా తీసుకోవచ్చుగా?"

"నా కొలతలన్నీ ఆ అక్క చర్మంతోనే పోల్చినవి. నా పాత ఫొటోలు కల్పించినవని ఎవరో పేరు లేని ఉత్తరం రాశారు. 'అదే చర్మం మీద మా కళ్ల ముందు మళ్లీ తీసి చూపించు' అన్నారు కమిటీవాళ్లు. ఈ పొర తప్ప ఇంకేం లేదు. నిన్న మధ్యాహ్నం చూస్తే అదీ ఆరిపోయింది."

"ఆరిపోవడమంటే?"

పిచ్చుక మొదటిసారి తలెత్తింది. పని గురించి మాట్లాడేటప్పుడు ఆ పిల్ల గొంతు కాస్త పెద్దదవుతుంది. "మేం ఎక్కించే రంగు చీకట్లో ఊరికే పడుంటుంది. తగిన వెలుగు వేస్తే మెరుస్తుంది. కానీ వెలుగు పడ్డకొద్దీ దాని ఓపిక అయిపోతుంది. చూసినకొద్దీ తగ్గిపోతుంది మేడం. ఒకసారి ఆరితే మళ్లీ రాదు. అందుకే లెక్కపెట్టుకుని చూస్తాం. నిన్న పొద్దున్న తొమ్మిది నించి పదకొండూ యాభై దాకా ఆ గదిలో ఉన్నా, తీసినవి మొదట పలచటి వెలుగులో మొత్తం పొరది ఒక పెద్ద ఫొటో, తర్వాత నాలుగు చిన్న ఫొటోలు, అంతే. మిగతాదంతా కమిటీ కోసం ఉంచాను."

"పూర్తిగా పోయిందా?"

"మధ్యలో మంచి భాగమంతా పోయింది. ఎడమ అంచున కాస్త మిగిలింది. ఆ కాస్తా చాలు. నేను పాడుచెయ్యలేదని తేలితే, ఆ అంచు మీద వాళ్ల ముందే తీసి చూపిస్తాను. రెండూ కావాలి మేడం, ఆ మాటా, ఆ అంచూ. ఏది లేకపోయినా నేను ఇంటికెళ్లిపోవడమే."

చూసినకొద్దీ తగ్గిపోతుంది. డిటెక్టివ్ ఆ మాట రాసుకోబోయి ఆగిపోయింది. ఆమె ఫోనులో ఒక ఫొటో ఉంది. నాలుగేళ్ల కింద ఒక మోసం కేసులో తమ్ముడి పేరు రిపోర్టులో తన చేత్తోనే రాసింది. రాయక తప్పలేదు. ఆ రోజు నుంచి వాడు పలకలేదు. ఫోనులో వాడి పేరు పక్కన పెట్టుకునే బొమ్మ మాత్రం ఆర్నెల్లకోసారి మారుతుంది. వాడి జుట్టు పలచబడిందనీ, కళ్లజోడు వచ్చిందనీ ఆమెకు అలాగే తెలిసింది. రోజుకొకసారైనా తీసి చూస్తుంది. ఏం మాట్లాడాలో తెలియక మళ్లీ మూసేస్తుంది.

"అయిందా మేడంగారూ మీ ఓదార్పు?"

గుమ్మంలో సెక్యూరిటీ అధికారి. ఎక్కడ చిన్న గొడవైనా ముందు తలుపుకు కాగితం అంటించి సీలు వేసేస్తాడు కనక సంస్థ మొత్తానికి ఆయన సీలు సారు. చంకలో ఫైలు, చేతిలో పెన్ను, ముఖంలో కేసు ముగించేసిన తృప్తి.

"మీరు రాకముందే నా రిపోర్టు అయిపోయింది," అన్నాడాయన. "మూడో గది కంప్యూటరులోకి నిన్నంతా వెళ్లింది ఒకే ఒక్క మనిషి. ఈ అమ్మాయి. పొద్దున్న తొమ్మిదికి ఒకసారి, మధ్యాహ్నం రెండూ పదిహేనుకి ఒకసారి. పాత ఫొటోలు దొంగవి. కమిటీ ముందు దొరికిపోతానని భయపడి స్లైడు తనే కాల్చేసింది. ఇక మీరు పట్టుకోవడానికేముంది, గాలి?"

"గాలిని కూడా అడుగుతాను సార్, ఆ గదిలో ఉందంటే," అంది డిటెక్టివ్. "కంప్యూటరు లేకుండా స్లైడు చూడలేమా?"

"ఈ రోజుల్లో కంప్యూటరు లేకుండా ఏం చూస్తారండీ?"

"సీలు తియ్యండి. ఎలా చూస్తారో వెతుకుదాం."

"తీస్తాను. మూడున్నరకి స్లైడు పట్టుకెళ్లి కమిటీకి అప్పజెప్పాలి. అప్పటిదాకా మీ ముచ్చట తీర్చుకోండి," అంటూ ఆయన తలుపు మీది కాగితాన్ని చాలా బాధగా చింపాడు.

మూడో గదికి ఒకటే తలుపు. లోపల బోల్టు, బయట గుమ్మం పైన ఎర్రబల్బు. లోపల పని జరుగుతున్నప్పుడు ఆ బల్బు వేస్తారు. అది వెలుగుతుంటే ఎవరూ తలుపు తియ్యకూడదు. గది మధ్యలో బరువైన బల్ల, బల్ల మీద మైక్రోస్కోపు, పక్కన కంప్యూటరు. స్లైడు చిన్న అట్టపెట్టెలో ఉంది. దాని లేబుల్ మీద పేరు లేదు. పదిహేడు అని నంబరు మాత్రం ఉంది.

డిటెక్టివ్ దేన్నీ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో వస్తువు ముందూ ఒక్కో నిమిషం నిలబడింది. బల్ల కింద, గోడకి ఆనించి, అన్నం డబ్బా అంత ఇనప్పెట్టె ఒకటి కనబడింది. దాని ముందు మీటరులో వెలుగుతున్న అంకెలు: 612.1.

"ఇదేమిటి?"

పెద్దాయన వంగి చూశాడు. "దీపం పెట్టెండి. ఫొటోలు తీసే లేజరు వేరు, ఇది వేరు. కంటితో చూడాలంటే ఈ దీపం వెయ్యాలి. ఎన్ని గంటలు వెలిగిందో ఆ మీటరు లెక్కపెడుతుంది. దీనికీ కంప్యూటరుకీ సంబంధం లేదు. దీని స్విచ్చి దీనిదే."

సీలు సారు దగ్గాడు.

"పని అయ్యాక ఆ అంకె పుస్తకంలో రాయాలి," అన్నాడు పెద్దాయన, గోడకు వేలాడుతున్న చిన్న పుస్తకం చూపిస్తూ. "ఈ ఇంట్లో అది ఆచారం లాంటిది. రాయకపోతే నేను ఊరుకోను."

పుస్తకంలో ఆఖరి వరస పిచ్చుక రాసిందే. నిన్నటి తేదీ, పదకొండూ యాభై, 611.4.

"రెండూ పదిహేనుకి వచ్చినప్పుడు దీపం వేశావా?" డిటెక్టివ్ గుమ్మంలో నిలబడ్డ పిచ్చుకను అడిగింది.

"లేదు మేడం. లేజరుతోనే ఒక పెద్ద ఫొటో తీశాను. నల్లగా వచ్చింది. అరిచేశాను. అందరూ వచ్చారు. రెండున్నరకి సార్ సీలేశారు."

"ఆరువందల పదకొండున్నర గంటలకి కొంచెం తక్కువ, ఇప్పుడు ఆరువందల పన్నెండుకి కొంచెం ఎక్కువ. తేడా ఏడు పదో వంతులు. నలభై రెండు నిమిషాలు," అంది డిటెక్టివ్. "పదకొండూ యాభైకీ రెండూ పదిహేనుకీ మధ్య ఎవరో ఈ కుర్చీలో కూర్చుని, కంప్యూటరు జోలికి పోకుండా, నలభై రెండు నిమిషాలు దీపం వెలిగించారు సార్."

"మీటరు చెడిపోయి ఉంటుంది," అన్నాడు సీలు సారు.

"అయ్యుండొచ్చు. అదీ చూద్దాం. ముందు సాలీడు గారి దగ్గరకి పదండి."

సాలీడు తన మూడు తెరల మధ్య నుంచి తల తిప్పకుండానే మాట్లాడాడు. "నేను సాక్ష్యం చెప్పను. కొలత చెప్తాను."

"అదే కావాలి. నిన్న పొద్దున్న తీసిన పెద్ద ఫొటో, మధ్యాహ్నం తీసిన పెద్ద ఫొటో, రెండూ ఉన్నాయా?"

"ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి ఎక్కడెంత తగ్గిందో చూపిస్తాను." ఆయన వేళ్లు ఆడాయి. రెండు బొమ్మలూ ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు కాసేపు అటూ ఇటూ జరిగి, కలిసిపోయాయి. ఆరిపోయిన చోట్లు నల్లగా తేలాయి. నాలుగు బుల్లి చదరాలు, పక్కపక్కన. వాటి పక్కనే, సరిగ్గా నట్టనడుమ, ఒక పెద్ద నల్లటి వృత్తం.

పిచ్చుక నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

"చదరాలు లేజరువి," అన్నాడు సాలీడు. "లేజరు వరసలు వరసలుగా తుడుచుకుంటూ పోతుంది. దాని మచ్చ ఎప్పుడూ నలుచదరమే. నాలుగు ఫొటోలు తీశానంది, నాలుగే ఉన్నాయి. గుండ్రం మాత్రం కంటిచూపు. గొట్టాల్లో కళ్లు పెట్టి చూసేవాళ్లకి లోకం గుండ్రంగా ఉంటుంది. అడ్డుకొలత మిల్లీమీటరు, పైన పదో వంతు. ఇరవై రెట్ల లెన్సుతో చూస్తే సరిగ్గా అంతే వస్తుంది."

"ఎన్నిసార్లు చూశారో చెప్పగలరా?"

"ఒక్కసారే. ఒక్కచోటే. వృత్తం అంచు చూడండి, కత్తితో కోసినట్టుంది. పని మీద వచ్చినవాడు వెతుకుతాడు, స్లైడు జరుపుతాడు. పాడుచెయ్యాలని వచ్చినవాడైతే మొత్తం తిప్పుతాడు. ఈ మనిషి ఇసుమంత కూడా కదపలేదు."

డిటెక్టివ్ ఆ నల్ల వృత్తాన్ని చూస్తూ ఉండిపోయింది. నలభై రెండు నిమిషాలు ఒకేచోట. వెతకలేదు, కొలవలేదు, ఫొటో తీసుకోలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది ఎవరో. అలా చూడ్డం ఏమిటో ఆమెకు తెలుసు. ఆ మాట సీలు సారుకి చెప్పే మాట కాదు.

"మూడో గదిలో కంటి గొట్టాల మధ్య ఎడం ఎంతుందో గమనించారా?" అంది సీలు సారుకేసి తిరిగి. "గొట్టాల మీదే చిన్న కొలబద్ద ఉంది. అరవై ఒక్క మిల్లీమీటర్ల దగ్గరుంది. మనిషి మనిషికీ కళ్ల మధ్య ఎడం వేరు కదా. ఆఖరున చూసిన మనిషి తన కళ్లకు సరిపెట్టుకున్న ఎడం అది."

మొదటి గదిలో అలాంటిదే ఇంకో మైక్రోస్కోపు ఉంది. ఒక్కొక్కరినీ అక్కడ కూర్చోబెట్టి చూడమంది. పిచ్చుకకి యాభై ఏడు. పెద్దాయనకి అరవై ఆరు. సాలీడుకి అరవై నాలుగు.

"మీరు కూడా కూర్చోండి సార్," అంది.

"నేనా! నేనెందుకు?"

"ఉన్నవాళ్లందరినీ చూశామని రాసుకోవాలి కదా."

సీలు సారు టోపీ తీసి, బుంగమూతి పెట్టుకుని కూర్చున్నాడు. డెబ్భై ఒకటి.

"తల పెద్దది సార్ మీది," అన్నాడు సాలీడు పక్కగదిలోంచి. అది కొలతా, మెచ్చుకోలా అన్నది ఎవరికీ తెలియలేదు.

సీలు సారు లేచి నిలబడ్డాడు. "బాగుందండీ, కళ్లకి కొలతలు తీస్తున్నారు, మేం కళ్లజోళ్ల కొట్టు పెట్టుకున్నట్టు! నిన్న పన్నెండూ యాభై నించి రెండూ అయిదు దాకా వీళ్లు ముగ్గురూ నాతోపాటు ఎదురు భవనంలో మీటింగులో ఉన్నారు. సంతకాలున్నాయి. మెకానిక్ పన్నెండూ నలభైకి భోజనానికెళ్లి రెండూ పదికి వచ్చాడు. గేటు దగ్గర రాసుంది. పదకొండూ యాభై నించి అందాకా నలుగురూ హాల్లోనే ఒకరి ఎదుట ఒకరున్నారు. ఇంట్లో ఎవరూ లేరు. మరి ఎవరు చూశారు, దెయ్యమా?"

డిటెక్టివ్ పుస్తకంలో నాలుగు ఖాళీలు నిండాయి. అయిదోది అలాగే ఉంది. సీలు సారు కాగితం అడిగి తీసుకుని చూసింది. అందులో నాలుగే పేర్లు.

"గాజుసామాను కడిగే ఆవిడ?"

"ఆవిడ కాంట్రాక్టు మనిషి. లెక్కలోకి రాదు. సీసాలు కడిగే ఆవిడకి మైక్రోస్కోపేం తెలుస్తుందండీ?" అన్నాడు సీలు సారు. గడియారం చూసుకున్నాడు. "మూడున్నరకి వస్తాను. స్లైడు సిద్ధంగా ఉంచండి."

రెండూ యాభై రెండు. డిటెక్టివ్ ఒక్కతే మూడో గదిలోకి వెళ్లి దీపం వేసింది. స్లైడు పెట్టెలోనే ఉంది. మీటరు పనిచేస్తోందో లేదో తేలాలి, అంతే. కుర్చీలో కూర్చుని వాచీ చూసుకుంటూ ఎదురుచూసింది. ఆరు నిమిషాలకి అంకె మారింది. 612.2. మీటరు చెడిపోలేదు. ఆ టైము పుస్తకంలో రాసుకుని, వంగి స్విచ్చి మీద వేలు పెట్టింది.

"ఆర్పకండమ్మా!"

డిటెక్టివ్ వేలు అక్కడే ఆగింది.

"అరగంటన్నా వెలగనివ్వాలి. మధ్యలో ఆర్పితే దీపం చచ్చిపోతుంది," అంది గుమ్మంలోని మనిషి. అని, తను ఏమన్నదో తనకే వినబడినట్టు నోరు మూసుకుంది. యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా తడి. చేతిలో కడిగిన సీసాల పళ్లెం ఉంది. సీసాలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి.

డిటెక్టివ్ వేలు తీసేసింది. "ఎవరు నేర్పారు పిన్నీ మీకు?"

పిన్ని ఒక అడుగు వెనక్కి వేసింది.

"లోపలికి రండి. పళ్లెం కింద పెట్టండి."

పిన్ని వచ్చింది. పళ్లెం బల్ల చివర పెట్టి, చేతులు కొంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"మా అమ్మాయి నేర్పింది," అంది చివరికి.

డిటెక్టివ్ అట్టపెట్టె మీది అంకె వైపు చూసింది. పిన్ని కూడా అటే చూసింది.

"దాని నంబరు పదిహేడు," అంది పిన్ని. "పేర్లు రాయరు కదా. నాకు అప్పుడే చెప్పింది, 'అమ్మా, డబ్బాల్లో నేను పదిహేడుని' అని. ఈ ఇల్లు బయటివాళ్లకి చూపించే రోజు ఒకటుంటుంది ఏడాదికి. ఆ రోజు నన్ను తీసుకొచ్చింది. ఈ కుర్చీలోనే కూర్చోబెట్టి, నా తల రెండు చేతులతో పట్టుకుని గొట్టాల దగ్గర పెట్టింది. 'చూడు, ఇది నేనే' అంది."

"ఏం కనబడింది?"

"పచ్చగా వలలాగా ఉంది. వల నిండా నీలం చుక్కలు. 'ప్రతి చుక్కలోనూ నేను మొత్తం ఉంటానమ్మా' అంది. 'ఒక్కదానివే నా ప్రాణం తోడేస్తున్నావు, ఇంతమందివా నువ్వు!' అన్నాను. పడీ పడీ నవ్వింది." పిన్ని ముఖంలోకి ఆ నవ్వు కొంచెం వచ్చి పోయింది. "దీపం వెయ్యడం, కళ్లకి ఎడం సరిపెట్టుకోవడం, ఆర్పే ముందు అరగంట ఆగడం, అన్నీ చేసి చూపించింది. కంప్యూటరు నీకెందుకులే అంది."

"అందుకే ఇక్కడ పనిలో చేరారా?"

"ఎనిమిది నెలలైంది. ఎవరికీ చెప్పలేదు. దానివి బట్టలున్నాయి, పుస్తకాలున్నాయి. అవన్నీ అది వాడినవమ్మా. అది కాదు కదా. ఇది ఒక్కటే దానిది. రంగెక్కించకపోతే కనబడదట. ఎప్పుడు ఎక్కిస్తారా అని చూశాను. మొన్న పిచ్చుక కడగమని ఇచ్చిన గిన్నెల మీద పదిహేడు అని ఉంది. నిన్న అందరూ మీటింగుకి పోయారు. ఒంటిగంటా అయిదుకి వచ్చి కూర్చున్నాను. మీటరు అంకె పుస్తకంలో రాయాలని కూడా గుర్తుంది. నా రాత పెద్దాయనకి తెలుసని రాయలేదు."

"ఒకేచోట చూశారు. కదపలేదు."

"కదిపితే ఎక్కడికి పోతుందో, మళ్లీ దొరుకుతుందో లేదో!" అంది పిన్ని. "మొదట్లో బాగా మెరిసిందమ్మా. అచ్చం ఆ రోజు లాగే. తర్వాత్తర్వాత మసకైంది. నా కళ్లలో నీళ్లనుకున్నాను. తుడుచుకున్నాను, చూశాను. మళ్లీ తుడుచుకున్నాను. ఇంకా మసకైంది. ఇక ఏడవకూడదు, ఏడిస్తే కనబడదని గట్టిగా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను."

డిటెక్టివ్‌కి ఈ మనిషికి నిజం చెప్పబుద్ధి కాలేదు. కానీ నిజం చెప్పకుండా అడగగలిగింది ఏదీ లేదు.

"మీ కళ్లు కాదు పిన్నీ. ఆ రంగు వెలుగుకి ఆగదు. దీపం వేసి చూస్తుంటే ఆరిపోతుంది. మీరు చూసినంత మేరా ఆరిపోయింది. మళ్లీ రాదు."

 నల్లరంగు కిటికీ గదిలో దీపం పెట్టెలోని ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.

"నేను చూడ్డం వల్లా?"

"అవును."

"ఎవరూ చెప్పలేదే! అదీ చెప్పలేదు."

"ఆ రోజు రెండు నిమిషాలే చూపించి ఉంటుంది. చెప్పే అవసరం రాలేదు." డిటెక్టివ్ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. "పిన్నీ, ఆ పిచ్చుకే దీన్ని కాల్చేసిందంటున్నారు. నాలుగింటికి దాని చదువు మాన్పించేస్తారు. మీరు చూసిన సంగతి రాసిస్తారా?"

పిన్ని పెన్ను అందుకుంది. రాయడం నెమ్మది, కానీ తడబాటు లేదు. నిన్న ఒంటిగంటా అయిదు నుంచి ఒంటిగంటా నలభై ఏడు దాకా నేనే చూశాను, ఆ అమ్మాయికి ఏం తెలియదు అని రాసి, కింద సంతకం చేసింది. మూడూ పంతొమ్మిది.

డిటెక్టివ్ గుండెల్లోంచి బరువు దిగింది. ఆ తేలికలో, అనకుండా ఉండాల్సిన మాట అనేసింది. "చాలు పిన్నీ. ఇంకో సగం ఆ పిల్లే గెలుచుకుంటుంది. ఎడమ అంచున కొంచెం మిగిలిందట. కమిటీ ముందు దాని మీద ఫొటోలు తీస్తే గండం గట్టెక్కినట్టే."

"మిగిలిందా?" పిన్ని తలెత్తింది.

"కొంచెం."

"ఫొటోలు తీస్తే అదీ ఆరిపోతుందా?"

"ఆరిపోతుంది. కానీ బొమ్మ ఉంటుంది. కావాలంటే మీకూ ఒకటి ఇప్పిస్తాను."

"బొమ్మలు నా దగ్గర ఉన్నాయిలేమ్మా. పెట్టెడున్నాయి," అంది పిన్ని. "అంటే ఎవరు చూసినా ఆరిపోయేదే. ఆఖరున ఎవరు చూస్తారనేదే కదా మిగిలింది."

"పిన్నీ, ఆ పిల్ల నాలుగేళ్ల కష్టం..."

"తెలుసు. రోజూ నాతోనే టీ తాగుతుంది. బంగారం లాంటి పిల్ల. అది ఏడిస్తే నేను చూడలేను." పిన్ని గొంతు ఎక్కడా పెరగలేదు. "కానీ నా పిల్ల కాదు కదమ్మా."

నడవాలో బూట్ల చప్పుడు వినబడింది. "మేడంగారూ! మూడున్నర కావస్తోంది, స్లైడు ఇవ్వండి!" సీలు సారు గొంతు. ఇంకో నాలుగంగల్లో ఆయన గుమ్మంలో ఉంటాడు. పిన్నిని చూస్తాడు, దీపం చూస్తాడు, దొంగ దొరికిందని ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. ఆ మనిషిని ఆ అరుపుకి అప్పజెప్పడం డిటెక్టివ్‌కి ఇష్టం లేకపోయింది. సంతకం ఉన్న పుస్తకం చేతపట్టుకుని గబగబా గడప దాటి, ఆయనకి అడ్డంగా నిలబడింది.

"రెండు నిమిషాలు సార్. ఎవరు చూశారో రాతపూర్వకంగా ఉంది. ముందు ఇది చదవండి."

సీలు సారు పుస్తకం లాక్కుని చదివాడు. ఆయన ముఖంలో రంగులు మారాయి. "మరి స్లైడేది?"

స్లైడు బల్ల మీద ఉంది. అట్టపెట్టెలో. వెలుగుతున్న దీపానికి మూరెడు దూరంలో. దాన్ని జేబులో వేసుకుని బయటికి రావాలని ఇంతసేపూ ఆమెకు తోచనే లేదు.

డిటెక్టివ్ గిరుక్కున వెనక్కి తిరిగింది. తలుపు అప్పటికే సగం మూసుకుంది. ఆ సందులో పిన్ని ముఖం కనబడింది. ఒక చెయ్యి తలుపు మీద, రెండో చేతిలో గాజుముక్క. ఏడుపు లేదు. ఎన్నాళ్లకో ఊరెళ్లబోయే మనిషి ముఖంలా ఉంది.

"పిన్నీ, వద్దు. కొంచెమే ఉంది!"

"ఈసారి ఒక్కచోటే చూస్తూ కూర్చోనులేమ్మా," అంది పిన్ని, ధైర్యం చెబుతున్నట్టుగా. "అంతా తిప్పి చూసుకుంటాను."

తలుపు మూసుకుంది. లోపల బోల్టు పడింది. గుమ్మం పైన ఎర్రబల్బు వెలిగింది.